ఇసుకలో దిగబడిన కారు

రాజాం ఊరి చివర మిల్లు రోడ్డు మీద, స్టాండుకి బిగించిన కెమెరా ముందు నిలబడి ప్రదీప్ ఒక కొత్త కారు గురించి చెబుతున్నాడు. కుసుమకుమారి ఆటో దిగి నేరుగా వచ్చి, కెమెరాకీ అతనికీ మధ్య నిలబడింది.

"నువ్వేనా కార్ల వీడియోలు సేసే ప్రదీప్‌వి?"

"అవును మేడం. షూటింగ్ జరుగుతోంది, కాస్త పక్కకి..."

"జరగను. చిన్న ఎస్‌యూవీ ఒకటి మా కళింగపట్నం ఇసుకలో నడిపి సూపించావు. ఊళ్లో కారు, బీచిలో గుర్రం అన్నావు. గుర్తుందా?"

గుర్తులేకేం, ఆ వీడియోని మూడు లక్షలమంది చూశారు. అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

కుసుమ ఇంటివాళ్లది ఎండుచేపల వ్యాపారం. ఇంటి నుంచి తారురోడ్డు ఎక్కాలంటే అర కిలోమీటరు ఇసుకబాట. ఆ బాట కోసమే, ఆ వీడియో చూసే, తండ్రి గంగులు అదే కారు కొన్నాడు. మొన్న మధ్యాహ్నం నాయనమ్మ దాలమ్మకి ఆయాసం వచ్చింది. కుసుమ ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, తనే నడుపుతూ బయల్దేరింది. సగం బాటలో ముందు చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. నలుగురు జాలర్లు ముసలామెను మంచం మీద మోసి రోడ్డెక్కించారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు.

అంతా విని ప్రదీప్ అడిగింది ఒక్కటే. "టైర్లలో గాలి తగ్గించారా? ఇసుకలో దిగేముందు తగ్గించాలి."

"ఊపిరాడని ముసిల్దాన్ని ఎనకేసుకుని టైర్లలో గాలి తియ్యమంటావా?"

"నడిపేవాళ్లకి రాకపోతే కారేం చేస్తుందండీ?"

కుసుమకి ఒళ్లు మండిపోయింది. "రేపొద్దున్న రా. మా కారే, మా ఇసుకే. నువ్వే నడుపు."

"వస్తాను. ఎవులికి రాదో తేలిపోతాది." కోపంలో అతని కెమెరా తెలుగు జారిపోయి రాజాం యాస బయటపడింది.

అన్నట్టే వచ్చాడు. టైర్లలో గాలి తగ్గించాడు, ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో పోనిచ్చాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. మెత్తటి మలుపు దగ్గర ముందు చక్రాలు గిర్రున తిరిగి ఇసుకను ఎగజిమ్మాయి. వెనక చక్రాలు ఉలకలేదు, పలకలేదు. కారు అక్కడే చతికిలబడింది.

"నీకూ రాదా?" అంటూ కుసుమ దగ్గరికొచ్చింది.

అతను దిగి వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. వంగి కారు కిందికి చూశాడు.

"ఇది ముందు చక్రాలతోనే నడిసే మోడలు. వీడియోలో నేను నడిపింది నాలుగు చక్రాలకీ పవరు ఎల్లేది. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి."

"ఆ సంగతి నీకు తెల్దా?"

తెలియదంటే సరిపోయేది. అతను అనలేదు.

"తెలుసు. వీడియోలో సెప్పాను కూడా. కంపెనీవాళ్లు ఆ ముక్క తీసెయ్యమన్నారు. తీసీసినాను."

నిన్నటి కోపం ఏమీ తెలియక వాగినవాడి మీద. ఇది వేరు. కుసుమ గొంతు తగ్గింది. "తెలివితక్కువోడివి అనుకున్నాను. తెలిసే సేసినావన్నమాట. ఎల్లిపో. కారు మేం తీసుకుంటాం."

అతను వెళ్లలేదు. పార అడిగి తెచ్చుకుని చక్రాల చుట్టూ తవ్వడం మొదలుపెట్టాడు. ఎండెక్కింది, అరచేతులు బొబ్బలెక్కాయి. కుసుమకి అతని మీద కోపం ఒకటి, అరుగు మీంచి అతన్నే చూస్తున్నందుకు తన మీద కోపం ఇంకొకటి. చివరికి గంగులు మోకు తెచ్చాడు. పదిమందీ పట్టి లాగితే కారు బయటపడింది.

ప్రదీప్ అక్కడికక్కడే, ఒంటినిండా ఇసుకతోనే ఫోన్లో వీడియో తీసుకుంటూ మాట్లాడాడు. "ఈ కారు గతుకుల రోడ్డుకి బాగుంటాది. పొలాల మధ్య మట్టిదారికి బాగుంటాది. ఇందులో రెండు చక్రాల మోడలు మెత్తటి ఇసుకకి పనికిరాదు. ఆ సంగతి తెలిసీ దాసినాను. నా వల్ల ఎనభై ఏళ్ల పెద్దామె ప్రాణం మీదికొచ్చింది."

సాయంత్రానికల్లా కంపెనీ అతనికి కార్లివ్వడం మానేసింది. మర్నాడు కుసుమ ఫోన్ చేసింది.

"వీడియో సూశాను."

"కోపం తగ్గిందా?"

"ఎలా తగ్గుద్ది? మా నాయనమ్మకి డెబ్బై రెండే. ఎనభై అన్నావని ముసిల్ది అన్నం తినకుండా కూసుంది."

దాలమ్మని బతిమాలుకోవడానికి అతను ఆదివారం వచ్చాడు. మళ్లీ ఆదివారం బాట చూడ్డానికి వచ్చాడు. గట్టినేల ఎక్కడుందో కర్రతో గుచ్చి చూశాడు, మెత్తటిచోట కొబ్బరిమట్టలు పరిపించాడు. ఆపైన కుసుమకి ఇసుకలో నడపడం నేర్పడానికి వస్తూనే ఉన్నాడు. వచ్చిన ప్రతిసారీ తగువే. రేసు ఇయ్యకు అని అతను, నా మీద అరవకు అని ఆమె.

శ్రావణంలో ఒకరోజు కుసుమ నడుపుతుండగా వాన దంచి కొట్టింది. అద్దాలు ఆవిరి పట్టాయి.

"మా నాన్నకి సెప్పాను," అన్నాడు ప్రదీప్.

"ఏటని?"

"నిన్ను సేసుకుంటానని. చేపలోళ్ల పిల్లేటి, బజార్లో తలెత్తుకోడం ఎలాగన్నాడు. నెల్లాళ్లు నాతో మాటల్లేవు. నిన్న, ఓసారి తీసుకురా సూద్దాం అన్నాడు."

కుసుమ ఇంటిముందే బ్రేకు తొక్కింది. "నెల కిందట మీ నాన్నకి సెప్పావు. నాకెప్పుడు సెప్పావు?"

"ఇప్పుడు సెప్తన్నాను గదా."

"దిగు."

"వాన పడతంది."

"దిగమన్నాను."

దిగాడు. వానలో నిలబడ్డాడు. అరుగు మీంచి దాలమ్మ కేకేసింది. "ఒసే, ఆ పిల్లోడ్ని అలా తడిపీకు. కోపమంతా ఇప్పుడే ఖర్సు పెట్టీస్తే పెళ్లయ్యాక ఏటి సేస్తావే?"

కుసుమ పక్కకి వంగి తలుపు తీసింది. "ఎక్కు. మీ నాన్నకి సెప్పిందంతా నాకూ సెప్పు, మొదట్నించీ."

అతను తల తుడుచుకుని, తడబడుతూ చెప్పాడు. ఆమె చివరిదాకా ముఖం ముడుచుకునే వింది.

"ఆదివారం రాజాం ఎల్దాం," అంది. "కారు నేనే నడుపుతాను."