మూస్తే తెరుచుకునే సొరుగు

మా మూడు రంపాల సందులో చీకటి పడ్డాక చివరి మెట్ల వైపు ఎవరూ వెళ్ళేవారు కాదు.

తాగి గోడ పట్టుకుని నడిచేవాళ్ళు కూడా అక్కడికి వచ్చేసరికి గోడ వదిలేసి సందు మధ్యకు జరిగేవారు. కింద పడితే పడ్డాం, ఆ మెట్లకు మాత్రం చెయ్యి తగలకూడదని వాళ్ళ లెక్క. పారిస్‌లో మా సెయింట్ ఆంత్వాన్ పేట వడ్రంగులు రాజులకే భయపడలేదని గొప్పగా చెప్పుకుంటారు. అలాంటివాళ్ళు ఒక సొరుగుకు భయపడ్డారు. నవ్వకండి... ముందు వినండి.

ఆ మెట్ల పైన ముసలి ఒనెసీమ్ పనిగది ఉండేది. పాత రాజుల నాటి బీరువాలూ బల్లలూ విరిగితే పెద్దిళ్ళవాళ్ళు ఆయన దగ్గరికే పంపేవారు. వాటిని విప్పడం, బాగుచేయడం, మళ్ళీ బిగించడం... ఆయన బతుకంతా ఆ పనిలోనే గడిచింది. మిగతా సందంతా శనివారం సరుకు. వారమంతా హడావిడిగా ఒక బీరువా అంటించి, శనివారం నాడు వీపున వేసుకుని దుకాణం దుకాణానికీ తిప్పి అమ్ముకునేవారు. సరేసు జిగురు ఊడకముందే అమ్ముడైతే అదృష్టం. ఆ సొరుగులు తెరవాలంటే మోకాలు ఆనించి లాగాలి, మూయాలంటే తన్నాలి. ఒనెసీమ్ వాటిని చూసేవాడు. ముక్కు చీదుకుని వెళ్ళిపోయేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, క్లెమాన్స్. లక్క పాలిష్ పెట్టడంలో ఆ పిల్లకు పేట మొత్తం మీద సాటి లేదు. ఆ కూతురి కోసమే ముసలాయన ఆదివారాలు తలుపు వేసుకుని నడుమెత్తు సొరుగుల బీరువా ఒకటి చేస్తూ వచ్చాడు. లోపల ఓక్ చెక్క, పైన పలుచని గులాబిరంగు చెక్క రేకులు. పని పూర్తయ్యాక పిలుస్తాను, అప్పుడు పాలిష్ డబ్బా పట్టుకుని రా, అంతదాకా మెట్లెక్కవద్దు అన్నాడట. పిలవనే లేదు. చలికాలంలో ఒక సాయంత్రం ఉలి చేతిలో ఉండగానే కూలిపోయాడు. క్లెమాన్స్ తండ్రిని కిందికి దింపించుకుంది గానీ, మళ్ళీ ఆ గదిలో అడుగుపెట్టడానికి మనసు రాలేదు.

పుకారు మొదలైంది వీధి దీపాలు వెలిగించే గిల్‌బేర్ దగ్గర. నిచ్చెన మీద ఉండగా కిటికీలోంచి వాడికి బీరువా కనబడింది. పై సొరుగు తెరిచి ఉంది. గిల్‌బేర్ మర్యాదస్తుడు. చచ్చినవాడి సొత్తు ఎలకల పాలు కాకూడదని మెట్లెక్కి, సొరుగును లోపలికి తోశాడు.

అది చప్పుడు లేకుండా... మెత్తగా... వెళ్ళింది.

కింది సొరుగు అంతే మెత్తగా బయటికొచ్చి వాడి మోకాళ్ళకు తగిలింది.

వాడు కిందికి వచ్చింది మెట్ల మీదుగా కాదంటారు. ఏదైతేనేం, వచ్చాడు.

తరవాత చర్చి నుంచి పాదిరిగారు పవిత్ర జలం తెచ్చారు. చిలకరించారు, ప్రార్థన చదివారు, శుభం అన్నట్టుగా తెరిచి ఉన్న సొరుగును మూశారు. మరొకటి వచ్చి ఆయన తొడకు పొడిచింది. పాదిరిగారు దెయ్యం ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. భోజనం వేళయిందని చెప్పి దిగిపోయారు.

ఆ గదిలోకి అద్దెకు వచ్చేవాళ్ళు లేక ఇంటి యజమాని ముస్యు గోబ్లేకి ఒళ్ళు మండింది. దెయ్యం గదిలో లేదు, ఆ బీరువాలోనే ఉందని ఆయన తేల్చేశాడు. సోమవారం మధ్యాహ్నం గొడ్డలివాణ్ణి తెస్తానని, ముక్కలు చేయించి సరేసు పొయ్యిలో వేయిస్తానని, కావాలంటే ఆలోపు పట్టుకుపొమ్మని క్లెమాన్స్‌కు చెప్పి పంపాడు.

పట్టుకుపోవడానికి ఆమెకు ఇష్టమే. ఎత్తేవాళ్ళేరీ? ఓక్ బీరువాను ఒంటరి ఆడమనిషి కదిలించను కూడా కదిలించలేదు. మోతగాళ్ళంతా దాన్ని ముట్టుకోం పొమ్మన్నారు. వాళ్ళ పెద్ద ఫిర్మాన్, పియానోను ఒక్కడే వీపున మోసిన మనిషి. కానీ మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అన్న బాపతు. తండ్రి చేతిపని అంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలోనే ఉంది, తనకని చేసింది ఇదొక్కటే. అది బూడిదైపోతుందని క్లెమాన్స్‌కు రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి ఫిర్మాన్ ఇంటికే వెళ్ళింది.

"మావా, ఒక్క రాత్రి నాతో పైన కూర్చో. దెయ్యం ఉందని తేలితే గొడ్డలి నేనే అందిస్తా. లేదని తేలితే పొద్దున్నే నీ మనుషుల్ని తీసుకురా" అంది.

"కూర్చుందాం. పగలైతే."

"పగలు చూసొచ్చి దెయ్యం లేదంటే నీ మనుషులు నమ్ముతారా?"

"వాళ్ళదాకా ఎందుకు, నేనే నమ్మను" అన్నాడు ఫిర్మాన్ నిజాయితీగా.

ఆమె సాసేజ్ అంది. ద్రాక్షసారా అంది. చివరికి ఏడ్చింది. ఏడుపుకు కరిగానని వాడంటాడు. సాసేజ్‌కని వాడి పెళ్ళాం అంటుంది.

ఇక్కడినుంచి ఫిర్మాన్ నాకు చెప్పిందే చెబుతున్నాను. వాడు చెప్పిన ప్రతిసారీ తాగిన సీసాలు తగ్గేవి, ధైర్యం పెరిగేది. నేను రెంటినీ మధ్యస్తంగా పెట్టుకున్నాను.

ఆదివారం రాత్రి. మెట్లు ముందు ఆమె ఎక్కింది, కొవ్వొత్తి పట్టుకుని. వెనక సాసేజ్ పట్టుకుని ఫిర్మాన్. గదిలో చిత్రిక పొట్టు ఊడ్చేవాళ్ళు లేక అలాగే ఉంది. అడుగు వేస్తే కరకరమంది... ఆగితే ఆగింది... మళ్ళీ వేస్తే మళ్ళీ కరకర. ఫిర్మాన్‌కు ఆ చప్పుడు తనదేనని నమ్మడానికి చాలాసేపు పట్టింది.

గోడకు ఆనించి బీరువా ఉంది. మూడు సొరుగులు. నడిమిది తెరిచి ఉంది.

క్లెమాన్స్ కొవ్వొత్తి దగ్గరగా పెట్టి చూసింది. మొన్న చలికాలంలో ఈ గదికి వచ్చినప్పుడు ఆమె చూసింది తండ్రిని, బీరువాను కాదు. పూతలేని చెక్క మీద అరచెయ్యి వేసి నిమిరింది. ఎక్కడా అతుకు చేతికి తగల్లేదు.

"మా నాన్న చెయ్యి" అంది మెల్లగా.

"చెయ్యా... ఎక్కడ?" అన్నాడు ఫిర్మాన్, వాడి గొంతు వాడికే వినబడకుండా.

తిన్నారు. తాగారు. చర్చి గంట మోగింది, ఆగింది. కింద సందులో పిల్లి ఒకటి అరిచి ఊరుకుంది. ఏమీ జరగలేదు. ఇంకో గంట మోగింది. అప్పుడూ ఏమీ జరగలేదు. ఫిర్మాన్‌కు ఛాతీ పొంగింది. తన పేరు వినే దెయ్యం పారిపోయిందన్నాడు. అలాగైతే వెళ్ళి ఆ సొరుగు మూసి రమ్మంది క్లెమాన్స్. తినేటప్పుడు లేవకూడదని వాళ్ళమ్మ చెప్పిందన్నాడు.

ఆమే లేచింది. నడిమి సొరుగు మీద చేతులు పెట్టి తోసింది. లోపలికి వెళ్ళింది. నిశ్శబ్దం...

కింది సొరుగు... నెమ్మదిగా... బయటికి జరిగి... ఆమె ఏప్రన్‌ను తాకి ఆగింది.

కొవ్వొత్తి మంట ఒక పక్కకు ఒరిగింది. ఫిర్మాన్ అప్పటికే పనిబల్ల ఎక్కి, ముసలాయన చిత్రికను శిలువలాగా ముందుకు చాచి, తనకు తెలిసిన పునీతులందరినీ పిలుస్తున్నాడు.

తనకూ భయం వేసిందని క్లెమాన్స్ తరవాత ఒప్పుకుంది. కానీ బీరువా పొయ్యిలోకి పోతుందన్న భయం ఈ భయం కంటే పెద్దది. పారిపోతే మళ్ళీ వచ్చే ధైర్యం ఉండదని తెలుసు. పళ్ళు బిగించి కిందిదాన్ని మూసింది. పైది వచ్చింది. పైదాన్ని మూసింది. నడిమిది వచ్చింది. ఆమె అలాగే పొట్టులో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పట్టేసిందిరా దేవుడా అనుకున్నాడు ఫిర్మాన్.

"దిగు మావా. ఇది గాలి."

"అదే కదా నేనూ అంటున్నది, గాలి సోకిందని."

"ఆ గాలి కాదు, మనం పీల్చే గాలి. సొరుగుకీ గూటికీ మధ్య కాగితం కూడా దూరదు, అంత బిగువుగా చేశాడు నాన్న. ఒకదాన్ని తోస్తే లోపలి గాలికి పోయే దారి లేదు, ఇంకోదాన్ని తోసుకుంటూ వస్తుంది. రాజుల నాటి బీరువాలు ఇలాగే ఉంటాయని నా చిన్నప్పుడు చెప్పేవాడు. మన సందులో సొరుగుల పక్కనుంచి పిల్లి దూరిపోతుంది కదా, ఇక మనకెలా తెలుస్తుంది?"

ఫిర్మాన్ బల్ల మీదనుంచి ఒక కాలు దించాడు. తరవాత రెండోది. ఆమె సొరుగు తోస్తుంటే పక్క సందులో వేలు పెట్టి చూశాడు. నిజమే, గాలి తగిలింది. చల్లగా ఉంది.

ఇక వాణ్ణి ఆపడం క్లెమాన్స్ వల్ల కాలేదు. అకార్డియన్ దొరికిన పిల్లాడిలా ఆ మూడు సొరుగులతో ఆడుతూనే ఉన్నాడు. తెల్లవారేసరికి మా సందులో ఫిర్మాన్‌ను మించిన వడ్రంగి లేడు. గాలి ఎలా తోస్తుందో చేతులూ బుగ్గలూ వాడి మరీ అందరికీ పాఠం చెప్పాడు. మాకు తలలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాత ముత్తాతల నుంచీ చెక్కతో బతికేవాళ్ళం, సరిగ్గా కుదిరిన సొరుగును చూసి దెయ్యమని పరిగెత్తాం. తనకు ముందే అనుమానం వచ్చిందని గిల్‌బేర్ అన్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతవరకు విన్నది. ఇక చూసింది చెబుతాను.

నేను కుర్చీలకు బెత్తం అల్లేవాణ్ణి. నా కొట్టు ఆ మెట్లకు ఎదురుగానే. సోమవారమంటే మా పేటలో పనులుండవు, ఆదివారం తాగింది దిగే రోజు. అందుకని మోతగాళ్ళు ఫిర్మాన్‌తో కలిపి ముగ్గురే వచ్చారు. నాలుగో మూల పట్టడానికి నన్ను లాక్కెళ్ళారు. ముస్యు గోబ్లే గొడ్డలివాణ్ణి పక్కన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయనకు గాలి సంగతి చెప్పారు. సరే, ఏ చిన్న తేడా వచ్చినా గొడ్డలి ఇక్కడే ఉందన్నాడు.

నాకు గోడవైపు మూల పడింది. బీరువాను ముందుకు జరిపారు. పట్టు కోసం నేను గోడకూ దానికీ మధ్య దూరాను.

వెనక చెక్క లేదు.

వెనకంతా బోసిగా ఉంది. మూడు సొరుగుల వీపులూ కనబడుతున్నాయి. వెనక బిగించాల్సిన చెక్క, నున్నగా చిత్రిక పట్టింది, గోడకు ఆనించి ఉంది. దాని కింద గిన్నెలో స్క్రూలు ఉన్నాయి. బీరువాకు వెనక చెక్కే ఆఖరి పని. ముసలాయన అది బిగించకుండానే పోయాడు.

నేను వడ్రంగిని కాదు, బెత్తం అల్లుకునేవాణ్ణి. అయినా ఈ మాత్రం తెలుసు. వెనక ఇంత బాహాటంగా తెరిచి ఉన్న పెట్టెలో గాలి ఎక్కడ నిలుస్తుంది? సొరుగు తోస్తే ఉఫ్‌మని వెనకనుంచి పోవాలి. ఇంకోదాన్ని ఎందుకు తోస్తుంది?

అవతల ఫిర్మాన్ గాలి గొప్పతనం ఇంకా వర్ణిస్తున్నాడు. నేను నోరు తెరిచాను.

ఏం చూశానా అని క్లెమాన్స్ నా పక్కకు వంగింది. చూసింది. ఒక్కసారి గొడ్డలి వైపు చూసి, శాలువా తీసి బీరువా వెనక కప్పేసింది, గీతలు పడకుండా అని పైకి అంటూ. తరవాత నా చెవిలో అంది.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతా. కిందికి దించేదాకా మాట్లాడకు."

మాట్లాడలేదు. ఆ మెట్లు దిగినంతసేపూ నా ముంజేతులకు ఆ శాలువా తగులుతూ ఉంది. దాని వెనకనుంచి చల్లగా ఏదో మెడ మీదికి వస్తూ ఉంది. చెమటకి అలా అనిపిస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. గోబ్లే ముందునుంచి దాటాం. సందు దాటాం. క్లెమాన్స్ గదిలో గోడ పక్కన దించాం. వాళ్ళు తలా ఒక గ్లాసు తాగి వెళ్ళిపోయారు. గొడ్డలివాడూ వెళ్ళిపోయాడు. క్లెమాన్స్ మళ్ళీ పైకి వెళ్ళి ఆ వెనక చెక్కా స్క్రూల గిన్నే తెచ్చుకుంది.

పట్టపగలు. కిటికీలోంచి ఎండ. ఇద్దరమే ఉన్నాం.

"గాలేనంటావా అమ్మాయ్?" అన్నాను.

మోతలో పై సొరుగు కాస్త బయటికి జరిగి ఉంది. ఆమె రెండు వేళ్ళతో దాన్ని తోసింది. మేమిద్దరం చూస్తూ నిలబడ్డాం. కాసేపు ఏమీ లేదు...

కింది సొరుగు నెమ్మదిగా వచ్చి ఆమె ఏప్రన్‌ను తాకింది.

క్లెమాన్స్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నవ్వుతోంది కూడా. ఇంతకాలం తండ్రి తనను పిలవకుండానే పోయాడని ఆ పిల్ల కుమిలిపోతోందని నాకు తెలుసు.

"పిలుస్తున్నావని తెలిసింది నాన్నా" అంది, "ఇదిగో, వెనక చెక్క బిగిస్తున్నా. అది కాగానే పాలిష్ పెడతాలే."

సొరుగు దానంతట అదే లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చెక్క బిగించేటప్పుడు రెండో చివర పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. పెద్దవాణ్ణి, నేను ఉండాల్సింది. కానీ అప్పటికి నేను వీధి మలుపు దాటేశాను. చెక్క మాత్రం వంకర లేకుండా బిగిసింది. రెండో చివర ఎవరు పట్టుకున్నారని ఇంతవరకు నేను ఆమెను అడగలేదు.