ట్రెబుల్ నొక్కేసిందెవరు?

శనివారం పొద్దున పదీ ఇరవై. హాల్లో గోడ పక్కన రెండు శవాలు నిలబడి ఉన్నాయి.

శవాలంటే కంగారుపడకండి. అవి తలుపంత ఎత్తున్న ప్లానార్ రకం స్పీకర్లు. పలచగా, ఠీవిగా, కొత్తగా ఉన్నాయి. పాట వస్తోంది కానీ పాటలో ప్రాణం లేదు. తాళం చప్పుడు దుప్పటి కప్పుకుని మోగుతున్నట్టుంది. ట్రెబుల్, అంటే సన్నటి పై శబ్దాలు, అణిగిపోయాయి.

సర్వీస్ ఇంజనీర్ విసురుగా బ్యాగు కింద పడేసింది. ఒకే కంప్లైంటు మీద ఆమె రావడం ఇది మూడోసారి. పట్టుకుంటే వదలదని ఆఫీసులో ఆమెని జలగ అంటారు. ఈ కేసు మాత్రం తిరగబడి ఆమె రక్తమే తాగుతోంది.

"రేపు పాట మిక్స్ చేసి ఇవ్వాలమ్మాయ్," అన్నాడు ఇంటాయన. పాటల రికార్డింగులో తలపండిన మనిషి. "ముందు పంపిన రెండూ చెవులు కోస్తున్నాయని స్టూడియో వాళ్ళు తిప్పికొట్టారు. ఇదీ తిరిగొస్తే ఇంక నన్ను పిలవరు. పాత స్పీకర్లలో ట్రెబుల్ పోయిందని ఇవి కొన్నాను. వీటికీ అదే రోగం!"

"ఆంప్లిఫయర్ మార్చాను సార్. వైర్లు మార్చాను. స్పీకర్లని ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఇంక తిప్పడానికి మీ ఇల్లే మిగిలింది."

ఆయన నవ్వలేదు.

ఆమె మైకు నిలబెట్టి, సన్నటి ఈల లాంటి టెస్ట్ టోన్ ఆన్ చేసింది. మీటర్ చూసింది. ట్రెబుల్ ఉంది. కానీ ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ.

"ఊఁ, మొదలుపెట్టమ్మా," అన్నాడు రికార్డిస్టు.

సోఫాలో కూర్చున్న ఆయన భార్య చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగింది. "పెట్టేసింది లెండి. నాకూ ఏమీ వినపడట్లేదు," అంది.

జలగకి ఒళ్ళు మండింది. బిగించిన రోజు ఇవే స్పీకర్లు కంగుమని మోగాయి!

ఇంక చూడనిది ఒక్కటే. వెనక మూత కింద, ట్రెబుల్ వెళ్ళే దారిలో ఒక చిన్న లోహపు పట్టీ ఉంటుంది. దాన్ని బిగించింది తనే. అందుకే రెండుసార్లూ అటు తొంగి చూడలేదు. సొంత పనిని అనుమానించే అలవాటు ఆమెకి లేదు.

మూత తీసింది.

పట్టీ లేదు. ఆ చోట ఒక రెసిస్టర్ ఉంది. ట్రెబుల్ మరీ ఎక్కువనిపిస్తే తగ్గించుకోమని కంపెనీ వాళ్ళు డబ్బాలో పెట్టి ఇచ్చేది. రెండో స్పీకర్లోనూ అంతే.

"ఎవరో కావాలనే నొక్కేశారు సార్."

రికార్డిస్టు లేచి నిలబడ్డాడు. "ఇంకెవరు? పైవాటాలో ఉన్న మా బావమరిది! సౌండు తగ్గించమని రోజూ గోల."

బావమరిదిని కిందికి పిలిచారు.

"స్పీకర్లు ముట్టుకున్నారా?" అడిగింది జలగ.

"దుమ్ము కూడా దులపలేదు."

"ఈ సౌండు మీకు పడదుగా?"

"పడదు. అయితే మాత్రం? స్క్రూడ్రైవర్ ఎటు పట్టుకోవాలో నాకు తెలీదండీ. నా గదిలో స్విచ్చి పాడైనా మా అక్కే బాగుచెయ్యాలి. కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ నడిపిన మనిషి."

జలగ సోఫా వైపు చూసింది. ఆవిడ తల దించుకుంది.

"సార్, తిరిగొచ్చిన మిక్సులు ఏ స్పీకర్ల మీద చేశారు?"

"పాతవాటి మీద. ఇవి అప్పటికి రాలేదు."

అవి చెవులు కోశాయంటే, రెసిస్టర్ పెట్టకముందు నుంచే ఆయన ట్రెబుల్ ఎక్కువ వేస్తున్నాడు. ఎందుకు? ఇందాకటి టోన్ మైకుకి అందింది. తనకీ అందింది. చెవి దాకా చెయ్యి వెళ్ళిందంటే ఆవిడకీ అందింది. అందనిది ఒక్కరికే.

కేసు తేలిపోయింది. తేలకపోతేనే బావుండేదని జలగకి మొదటిసారి అనిపించింది.

రెసిస్టర్లు తీసేసి, బ్యాగులోంచి కొత్త పట్టీలు తీసి బిగించింది. టోన్ ఆన్ చేసింది.

"అబ్బా! ఆపండి తల్లీ!" బావమరిది రెండు చెవులూ మూసుకున్నాడు.

రికార్డిస్టు ముందుకు వంగి ఇంకా ఎదురుచూస్తున్నాడు. బావమరిది చేతులు చూశాడు. తర్వాత భార్య మొహం చూశాడు. ఆవిడ కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"నువ్వా?"

"నేనే."

"ఎందుకే?"

"ఇవి వచ్చిన రోజు, ఈ అమ్మాయి వెళ్ళాక, ట్రెబుల్ లేదన్నారు. అందరం ఉందన్నాం. ఆ పూట మీరు కంచం ముందు కూర్చుని చెవి దగ్గర చిటికెలు వేసుకుంటూ ఉండిపోయారు. చూడలేకపోయాను. మర్నాడు మీరు బయటికెళ్ళగానే ఆ రెసిస్టర్లు బిగించి, నాకూ వినపడట్లేదన్నాను. మీకు ప్రాణం లేచొచ్చింది. కంపెనీని తిట్టుకుంటూ కడుపునిండా తిన్నారు."

"నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"మిమ్మల్ని మీరు తిట్టుకునే కన్నా స్పీకర్లని తిట్టడం నయమనుకున్నాను."

తిట్లన్నీ తిన్నది స్పీకర్లు కాదు, జలగ. ఆమె వెనక మూతలు బిగించింది.

ఆయన స్టూడియోకి ఫోన్ చేశాడు.

"లోపం స్పీకర్లలో లేదు. నాకే ట్రెబుల్ అందట్లేదు. అవును, చెవులే. రేపటి మిక్స్ నా పక్కన ఒక మనిషిని పెట్టుకుని చేస్తాను. విన్నాక మీకు నచ్చకపోతే వేరేవాళ్ళని చూసుకోండి." అవతలి మాట విని, "సరే" అని పెట్టేశాడు.

"కంప్లైంటు మూసెయ్యమ్మాయ్," అన్నాడు జలగతో. "నిన్ను ఊరికే తిప్పాను."

భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఈడ్చుకొచ్చి తన కుర్చీ పక్కన వేశాడు. "ఇలా వచ్చి కూర్చో. నా మొహం చూడకు, పాట విను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ఆయన పాట పెట్టి, తనకి అందేదాకా ట్రెబుల్ నాబ్ తిప్పుకుంటూ పోయాడు.

"ఎలా ఉంది?"

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"బాగా ఎక్కువైందండీ. తగ్గించండి."

ఆయన తగ్గించాడు.