పాట తెచ్చావా?

మార్కండి రేవులో కవళ్ల చేపల కుప్పకి వేలం జరుగుతోంది. చేపలవాళ్లు దాన్ని పాట అంటారు. పైడన్న ఒక మాట అన్నాడో లేదో, వెనక నుంచి ఒక ఆడగొంతు దాని మీద అర్ధణా పెంచింది. అతను పెంచాడు. ఆ గొంతు మళ్లీ పెంచింది.

తిరిగి చూశాడు. పచ్చచీర కొంగు నడుముకి దోపుకుని, ఇసుకలో పాతినట్టు నిలబడి ఉంది ఒక పిల్ల. పక్కన ఆమె తండ్రి. జలుబుతో గొంతు పోయి, వేళ్లతో సైగలు చేస్తున్నాడు.

"ఏటమ్మా, సేపలు కొంటన్నావా, నాతో తగువు కొంటన్నావా?" అన్నాడు పైడన్న.

"తగువైతే ఊరికే ఇస్తాను. సేపలకే డబ్బు."

రేవంతా నవ్వింది. కుప్ప ఆ పిల్లకే పోయింది.

పైడన్నది కళింగపట్నం. ఎండుచేపల వ్యాపారం మీద గంజాం తీరానికొచ్చి, ఛత్రపురంలో బస పెట్టి మూడు నెలలే అయింది. ఒడియా ఇంకా నాలుక్కి ఎక్కలేదు. కానీ ఏ సరుకు ఎన్నాళ్లు నిలుస్తుందో, ఏ మనిషి ఎన్ని మాటల దాకా నిలుస్తాడో చూడగానే చెప్పగలడు. ఆరోజు మాత్రం అంచనా తప్పింది.

ఆ పిల్ల పేరు పుణ్యవతి. బరంపురం గోసాని నువాగాంలో చేపల వర్తకం చేసే గురువులు అనే ఆయన కూతురు. తండ్రి గొంతు రెండు రోజుల్లో బాగైంది. అయినా పుణ్యవతి రేవుకి రావడం మానలేదు. పైడన్న పోటీ పడటమూ మానలేదు. తీరా కుప్ప తనకి దక్కేలా ఉంటే నోరు మూసుకునేవాడు. అతను ఓడినప్పుడల్లా ఆమె కళ్లు ఒక్క క్షణం ఇటు తిరిగేవి. గెలిస్తే ఆ చూపు రాదు. అందుచేత ఓటమే గిట్టుబాటని తేల్చుకున్నాడు.

నెల తిరిగాక, చినుకుల్లో, బోర్లించిన పడవ చాటున అడిగేశాడు.

"మీ ఇంటికొచ్చి మీ నాన్నని అడగనా?"

"నాన్నని కాదు, మా నాయనమ్మని. ఆవిడ ఊఁ అంటే ఇల్లంతా ఊఁ అన్నట్టే." పుణ్యవతి తడికొంగు పిండుకుంది. "వచ్చే ఆదివారం గిరిసోల నుంచి తవిటయ్య అని ఒకాయన నన్ను సూడ్డానికి వస్తన్నాడు. పాట తెస్తాడంట. నువ్వూ రా. పాట లేకుండా మాత్రం రాకు."

"పాటా?"

"అవును. పల్సగుంటే మా నాయనమ్మ మొకం తిప్పేస్తాది. నిండుగుండాల."

నవ్వాపుకుంటూ వానలోకి పరుగెత్తింది.

పైడన్న తూచి చూశాడు. పాటంటే ఒకటి వేలం. ఇద్దరు మగాళ్లని పిలిచి పిల్లని వేలానికి పెట్టే మనిషి కాడు గురువులు. అది తీసేస్తే మిగిలింది నోటితో పాడే పాట. నిండుగా అంటే గొంతు నిండుగా అని. అంతా సరిపోయింది. ఒక్కటే లోటు, అతని గొంతు.

వారం రోజులు తెడ్డేసేవాళ్ల దగ్గర కూర్చుని ఒక పాట నేర్చుకున్నాడు. ఒడ్డున సాధన మొదలెడితే పీతలు కన్నాల్లోంచి బయటికి రాలేదు.

"ఏరా పైడన్నా, ఏటైనా నొప్పా?" అన్నాడు ముసలి జాలరి కాసులు.

"పెళ్లి మామా!"

"అలాగైతే అరుసుకో నాయనా."

ఆదివారం ఛత్రపురంలో రైలెక్కి బరంపురంలో దిగాడు. ఒకటే వాన. చేతిలో అరటిపళ్ల గెలతో గురువులు ఇంటికి చేరేసరికి తవిటయ్య అప్పటికే లోపల కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ నలగని కండువా, ఒళ్లో ఒక గుడ్డమూట.

మంచం మీంచి నాయనమ్మ జగ్గమ్మ పలకరించింది. "పాట తెచ్చావా నాయనా?"

"తెచ్చానమ్మా."

"ఏదీ? సేతిలో అరటిపళ్లే కనిపిస్తన్నాయి."

"గొంతులో ఉందమ్మా."

ముసలామె కళ్లు చికిలించి అతని మెడకేసి చూసింది. "మెడకి సుట్టుకొచ్చావేటి?"

"తియ్యమంటారా?"

"తియ్యి, సూద్దాం."

తీశాడు.

"తెడ్డెయ్యరా మావ, తెరసాప ఎత్తరా!
ఒడ్డున నిలుసుంది వయ్యారి సిన్నది!"

మొదటి చరణానికి పిల్లి గోడ దూకింది. రెండోదానికి వీధి వీధంతా గుమ్మం ముందుకొచ్చింది. గురువులు తెరిచిన నోరు మూయలేదు. తలుపు వెనక పుణ్యవతి కొంగు నోట్లో కుక్కుకుంది. పైడన్న కళ్లు మూసుకుని ఆఖరుదాకా పాడాడు.

ముందు తవిటయ్య పగలబడి నవ్వాడు. "పాటంటే ఇక్కడ పట్టయ్యా! ఒడియా మాట. పట్టుసీర తెమ్మంటే కూనిరాగం తెచ్చావా?"

మూట విప్పాడు. ఎర్రటి బరంపురం పట్టు, అంచు నిండా గోపురాలు. గది వెలిగింది.

పైడన్న సిగ్గుతో అరటిగెలకేసి చూశాడు. అదొక్కటే ఏ భాషలోనైనా అరటిగెల.

"వస్తానమ్మా" అని లేచాడు.

"కూకో." జగ్గమ్మ పట్టుని వేళ్లతో నలిపి చూసింది. "మంచి సరుకు. తవిటయ్యా, నువ్వూ ఓ పాట పాడు నాయనా."

"నేనా? ఇంతమంది ముందా? పరువు పోదూ!"

"మరి నా మనవరాలు జొరంతో పడుంటే, నూతి కాడికెల్లి నీళ్లు తెస్తావా? అక్కడా నలుగురు సూస్తారు."

తవిటయ్య కండువా సర్దుకున్నాడు.

జగ్గమ్మ చీర మడిచి, మర్యాదగా అతని చేతిలో పెట్టింది. "పట్టు బజార్లో దొరుకుద్ది. అలాంటి గొంతెట్టుకుని వీధి ముందు ఆఖరుదాకా పాడినోడు యాడ దొరుకుతాడు? గురువులూ, ఈ అబ్బాయికి తల తుడుసుకోడానికి తువ్వాలియ్యి."

తవిటయ్య వెళ్లిపోయాక అరుగు మీద, చూరునీళ్ల చప్పుడులో, పైడన్న గొణిగాడు. "పట్టని సెప్తే నీ సొమ్మేటి పోయింది?"

"సెప్తే నువ్వూ పట్టే తెచ్చేవోడివి. రెండూ పక్కపక్కన పెడితే కలిగినోళ్ల సీరే నెగ్గుద్ది" అంది పుణ్యవతి.

"అంటే నాకు తెలీదని తెలిసే..."

"నీకు ఒడియా రాదని రేవులో కాకులకీ తెలుసు."

"నేను పాడకుండా పారిపోయుంటే?"

ఆమె నవ్వు ఆగింది. "ఆ ఎర్రసీర కట్టుకుని, జన్మంతా ఏడిసేదాన్ని."

ఈసారి చూపు తిప్పుకోలేదు. పైడన్నే తడబడ్డాడు.

"ఎల్లు మరి" అందామె మెల్లగా. "తిరుగు టికెట్టు కొనుక్కునే ఉంటావు. బండి తప్పిపోద్ది."

పైడన్న జేబు తడిమాడు. టికెట్టు ఉంది. బయట వానా ఉంది. అరుగు మీద ఇద్దరికి చోటూ ఉంది.

సాయంత్రం బండి అతను లేకుండానే ఛత్రపురం వెళ్లింది.