అక్క లెక్కలో లేని మూడు

"మీ అక్కది గుండెపోటు కాదు," అన్నాడు చీఫ్. "హెడ్‌ఫోన్ మెత్తలో విషపు సూది. పాట నొక్కగానే చెవి వెనక దిగింది."

పిల్లి ఒక అడుగు ముందుకేశాడు. అడుగుల చప్పుడు వినిపించదని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

"ఎవరు సార్?"

"విదేశీ ముఠా. మీ అక్క పనిచేసిన ఫోన్ల కంపెనీ ఇవాళ మ్యూజిక్ యాప్ మొదలుపెడుతోంది. పదకొండింటికి నాలుగు కోట్ల ఫోన్లలో ఒకే పాట దానంతటదే మోగుతుంది. ఆ పాటకి ఆఖరి మెరుగు పెట్టింది మీ అక్కే. ముఠా అందులో చెవికి అందని సిగ్నల్ దాచింది. అది మోగిన ప్రతి ఫోనూ ఇంట్లో మాటలన్నీ వాళ్ళకి మోస్తుంది. అక్క కనిపెట్టింది. చంపేశారు."

"లాంచ్ ఆపించండి."

"సాక్ష్యం చూపించమంటోంది కంపెనీ." చీఫ్ గోరంత మెమరీ కార్డు బల్ల మీద పెట్టాడు. "ఇది అక్క చెప్పులో దొరికింది. సిగ్నల్ లేని మంచి పాట ఇదేననుకున్నాం. కాదు, అదే దొంగది, అసలుది నా దగ్గరుంది అంటోంది మేడమ్. వాళ్ళ లాంచ్ డైరెక్టర్. రెండేళ్ళుగా లోపల మన మనిషి. రెండూ పరీక్షించాం. మిషన్లకి తేడా తెలియలేదు. కంట్రోల్ రూమ్‌లో మేడమ్‌ని కలిసి రెండూ విను. నీకు తెలియాలి."

"నాకు పాట కాదు సార్, చంపిన మనిషి కావాలి."

"ప్రాణాలతో తీసుకురా. పగ తీర్చుకోమని జీతం ఇవ్వడం లేదు నీకు."

తొమ్మిదింటికల్లా పిల్లి ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. నీలం చొక్కా, భుజాన నిచ్చెన. మెకానిక్ మొహం ఎవరూ చూడరు. గదంతా తడిమి చూశాడు.

పదకొండుకి పది నిమిషాలుండగా మేడమ్ వచ్చింది. ముత్యం రంగు సూటు, ఎర్రటి పెదాలు, మనిషికంటే ముందు గదిలోకి వచ్చే సెంటు.

"చల్లదనం చాలడం లేదు," అంది. కోడ్.

"గ్యాస్ అయిపోయిందండీ." జవాబు.

ఆమె తలుపు గడియ వేసింది. "పాపం, మీ అక్క బంగారం లాంటి మనిషి. అసలు పాట ఇదిగో. విను." కొక్కేనికి వేలాడుతున్న హెడ్‌ఫోన్ తీసి ఇచ్చింది.

"నాది నాకుంది లెండి."

స్క్రూడ్రైవర్ పిడి చెవిలో పెట్టుకున్నాడు. గుసగుసని వెయ్యి రెట్లు పెంచే పరికరం అది.

చిన్నప్పుడు పాడేముందు అక్క "ఒకటి, రెండు" అని ఆగేది. "మూడు నువ్వనరా!" అనేది. తమ్ముడు అన్నాకే "నాలుగు" అని పాట ఎత్తుకునేది. ఉద్యోగంలో చేరాక కూడా ప్రతి పాట మొదట్లో, ఎవరికీ వినబడనంత సన్నగా, ఆ లెక్కే దాచేది. మూడు చోటు ఖాళీగా ఉంచేది. అది తమ్ముడి వాటా.

ముందు కార్డు విన్నాడు. ఒకటి, రెండు... నాలుగు.

తరువాత మేడమ్ ఫైలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఆ 'మూడు' అచ్చం అక్క గొంతే. కానీ మిషన్ కల్పించిన గొంతు. సిగ్నల్ దాచినవాళ్ళకి మధ్యలో ఖాళీ కనిపించింది. తప్పనుకుని పూడ్చేశారు.

అతని మొహం చూడగానే మేడమ్ లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన తుపాకీ గొట్టం మెరిసింది. పిల్లి మణికట్టు మెలిపెట్టి ఆమెను కుర్చీలో కూలేశాడు. అదే హెడ్‌ఫోన్ ఆమె చెవులకి తగిలించి, ప్లే బటన్ మీద వేలుంచాడు.

"తియ్! తీసెయ్ ఇది!"

"ఎందుకండీ? పాటే కదా. ముఠాలో ఎవరెవరో చెప్పండి. ఒకటి."

"నన్ను చంపలేవు. మీ చీఫ్ ఊరుకోడు!"

"ఆయనకి నేను సర్దిచెప్పుకుంటాను. రెండు."

ఆమె చెప్పేసింది. ఐదు పేర్లు, దాక్కున్న ఇల్లు, అన్నీ. పిల్లి కాలర్‌లోని మైకు ప్రతి అక్షరాన్నీ చీఫ్‌కి చేరవేసింది. రెండో చేత్తో అక్క కార్డు లాంచ్ మిషన్‌లో దూర్చాడు. పదకొండుకి ఒక్క సెకను.

"మూడు," అని నొక్కాడు.

మేడమ్ కేక గోడలకి తగిలి ఆగిపోయింది. చెవుల్లో పాట మొదలైంది. నాలుగు కోట్ల ఫోన్లలోనూ.

"చంపేశావా?" చెవిలో చీఫ్ గొంతు.

"లేదు సార్. సూది పొద్దున్నే పీకేశాను. జైల్లో రోజూ ఈవిడకి ఈ పాట వినిపించండి. బతికున్నన్నాళ్ళూ."

"అసలెక్కడ దొరికిపోయింది?"

"లెక్కలో సార్. అక్క లెక్కలో మూడు లేదు. కలిపినవాళ్ళకి మూడింది."