తలుపు పక్కన జామచెట్టు

పొద్దున్నే సైకిల్ షాపుకి బయల్దేరేముందు తండ్రి అడిగే మాట ఒకటే. "ఏమన్నా తగిలిందా అమ్మా?"

"చూస్తున్నా నాన్నా," అంటుంది కూతురు, జడకి పెట్టాల్సిన రబ్బరు బ్యాండు పళ్ల మధ్య పట్టుకుని, ఫోను మీద వేలు జరుపుతూ.

ఆయనది ఏ ఊరో ఆయనకే తెలియదు. పాలపళ్లు ఊడని వయసులో రైలు స్టేషన్లో ఏడుస్తూ కనిపిస్తే, ఒక సైకిల్ మెకానిక్ ఇంటికి తెచ్చుకుని అన్నం పెట్టి పని నేర్పాడు. వెనకటి జ్ఞాపకం మిగిలింది గుప్పెడే. ఒక నీలం తలుపు, దాని మీద గుర్రపునాడా, లోపల్నుంచి ఎవరో ముసలాయన దగ్గు. ఇన్నాళ్లూ ఆ ఊసెత్తని మనిషి, గుండె ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి మంచం మీద, "మావాళ్లెవరో ఒక్కసారి చూస్తే బాగుండు" అన్నాడు. అంతే, పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చునే కూతురు, పేషెంటు లేని ప్రతి నిమిషమూ ఇంటర్నెట్‌కే ధారపోసింది. తప్పిపోయినవాళ్ల సైట్లలో, వంశవృక్షాల సైట్లలో ఆయన సంగతి పెట్టింది.

తల్లికి ఇదంతా ఒళ్లుమంట. "ఇన్నేళ్లు కాపురం చేసినా ఆయనకి ఇంకా 'మావాళ్లు' కావాలట. మరి నేనెవర్ని, పంక్చరు వేయించుకుపోయే గిరాకీనా?"

"నిన్ను కాదన్నానా?" అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

"అనలేదు. అందుకే మండుతోంది."

ఆ మాట మీదనే కూతురు కేక పెట్టింది. "నాన్నా, ఇది వినండి. 'మా చిన్నాన్న పసితనంలోనే తప్పిపోయాడు. మా పాత ఇంటికి నీలం తలుపు, దాని మీద గుర్రపునాడా. తలుపు పక్కన జామచెట్టు. తాతకి ఎప్పుడూ దగ్గు.' కింద ఫోన్ నంబరు కూడా ఉంది."

తండ్రి స్టూలు మీద కూలబడ్డాడు. తల్లి లోపలికెళ్లి, ఇస్త్రీ చొక్కా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "తొడుక్కోండి. మాట్లాడేది ఫోన్లోనే అయినా, గ్రీజు చొక్కాతో బాగోదు."

బొత్తాలు పెట్టుకుంటూ ఆయన ఆగాడు. "జామచెట్టెక్కడిదమ్మా? నేను చెప్పలేదే."

కూతురు ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ మొదట్నుంచి చదివింది. ఆ చెట్టు నాటింది తనే. సైట్లలో తను రాసింది మరీ బోసిగా ఉందని, ఇంతోటిదానికి ఎవరాగి చదువుతారని, తలుపు పక్కన ఓ చెట్టు కలిపింది.

"చెయ్యి ఫోను. స్పీకర్లో పెట్టు," అంది తల్లి. "ఆశపెట్టిందానివి నువ్వే కదా."

కూతురు జామచెట్టు సంగతి అడిగింది. అవతలాయన గొంతు మెత్తగా ఉంది. "అది ఎక్కడో చదివి పెట్టుకున్నానండీ. మా చిన్నాన్న గురించి చెప్పేవాళ్లే మిగల్లేదు. అందులో రాసిన మనిషి మా చిన్నాన్నే అయ్యుంటాడనుకుని మా వంశవృక్షం పేజీలో ఎక్కించాను. మా ఇంటి తలుపు ఏ రంగో నిజానికి నాకు తెలీదు. మీకేమన్నా తెలిసిందా?"

"లేదండీ," అంది కూతురు. ఫోను పెట్టేసి, చేతుల్లో మొహం దాచుకుంది. "నేను రాసిందే తిరిగొచ్చింది నాన్నా. ఎక్కడ వెతికినా ఉన్నది నేనే."

తండ్రి చొక్కా విప్పి మడత పెట్టాడు. "అంటే నన్నెవరూ వెతకలేదు," అన్నాడు చివరికి. "వెతికితే ఏదో ఒకటి దొరికేది కదా."

"నేను వెతికాను కదా నాన్నా."

"నువ్వు నన్ను పోగొట్టుకోలేదుగా తల్లీ."

ఆయన ఇంటికెదురుగా ఉన్న షాపుకి వెళ్లిపోయాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు, గాలి నింపిన ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి, ఎక్కడా బుడగ రాకపోయినా అలాగే చూస్తూ.

కూతురు తను రాసిందంతా తీసెయ్యబోయింది. తల్లి వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"చెట్టొక్కటే తియ్యి," అంది, కొంగుతో కళ్లద్దుకుంటూ. "తలుపు ఉండనీ."