సగమే ఎండిన కాఫీ గింజలు

"ఈ డిటెక్టివ్‌కి తుపాకీ తియ్యడం కూడా సరిగ్గా రాదేటి?" అంది కనక.

వాళ్ళ అరుగు మీద స్టూలు, దాని మీద ల్యాప్‌టాప్, అందులో పాత బ్లాక్ అండ్ వైట్ హాలీవుడ్ సినిమా. కనక పార్వతీపురంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చారట. పెద్ద హీరో లేడు, ఛేజింగుల్లేవు. ఒక బట్టతల పోలీసాయన టోపీ చేత్తో పట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి అవే ప్రశ్నలు అడుగుతుంటాడు.

నాకు సినిమా ఎక్కడం లేదు. రేపు రాజవొమ్మంగి నుంచి కనకను చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. ఈలోగా నా మనసులో మాట చెప్పెయ్యాలి. పేరుకు భీముణ్ణే గాని ఈ పిల్ల ముందు నోరు పెగలదు.

"కనకా, ఒక మాట..."

"ఉండు. ఆడు అబద్ధమాడతన్నాడు. సూడు, కంగారులో సిగరెట్టు తిరగేసి ఎలిగిత్తన్నాడు."

లేచి కళ్ళంలోకి దిగాను. మా రెండిళ్ళకూ ఒకటే గచ్చు కళ్ళం. పొట్టు ఒలిచి కడిగిన కాఫీ గింజలు అక్కడే ఆరబోస్తాం. ఈ వారం తిరగేసే వంతు నాది. కర్రతో గింజలు లాగుతూ కనకను చూశాను. వచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. కొండ మీద మబ్బు చూస్తే గింజల భయం, కనకను చూస్తే రేపటి భయం.

"కుదురుగా కూకోలేవేటి? సీమలు కుడతన్నాయా?"

"గింజలు తిరగెయ్యాలి కదా."

"మీ యమ్మ కూడా ఇన్నిసార్లు తిరగెయ్యదు."

అంతలో చినుకులు పడ్డాయి. ఇద్దరం కళ్ళంలోకి పరుగెత్తాం. కుప్ప చేసే ముందు గింజ కొరికి చూడడం మా కొండ మీద అలవాటు. ఎండినవీ పచ్చివీ కలిపితే బూజు పట్టేస్తుంది.

అరుగు వైపు గింజ కనక పంటి కింద కటుక్కుమంది. అవతలి చివర గింజలోకి మాత్రం పన్ను మెత్తగా దిగింది. ఆమె అచ్చం ఆ పోలీసాయనలాగే నన్ను చూసింది.

"భీమా, పొద్దున్నుంచి ఎక్కడ తిరగేశావు?"

"కళ్ళమంతా."

"అబద్ధం. మా అరుగు కనబడే పక్కే తిరగేశావు. అవతల సగం ముట్టుకోనేలేదు. ఎందుకేటి?"

చినుకులు వానయ్యాయి. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నువ్వంటే నాకిష్టం కనకా. రేపు వాళ్ళ ముందు కూర్చోకు."

"ఆ మాట మా అయ్యకి సెప్పగలవా?"

"సెప్పక్కర్లేదు," అన్నాడు వాళ్ళ నాన్న అప్పలస్వామి, టార్పాలిన్ ఈడ్చుకొస్తూ. "నాకూ పళ్ళున్నాయి. రెండ్రోజుల బట్టి నేనూ గింజలు కొరికి సూత్తన్నాను."

ఆయన టార్పాలిన్ కొస నా చేతిలో పెట్టాడు.

"బేగి కప్పు. ఎండినియ్యి ఒక కుప్ప, పచ్చియ్యి ఒక కుప్ప. గుంటా కనకా, నీ మాటేటి? రాజవొమ్మంగోళ్ళకి రావద్దని ఫోన్ సెయ్యమంటావా?"

"సెయ్యి అయ్యా."

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పలేదు?" అన్నాడు అప్పలస్వామి.

కనక తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, నా వైపు చూసి నవ్వింది.

"ఈ సినిమా హాస్టల్లోనే సూసేశాను. దొంగోడెవడో ముందే తెలుసు. ఆడు నోరిప్పి ఒప్పుకుంటాడేమోనని కూకున్నాను."