కంఠపట్టీ

"దేవుడి దయవల్ల జ్వరం తగ్గింది" అన్న మాటను హైమావతి రెండుసార్లు విని, పలక మీద 'వాడుక' నొక్కింది. తరువాతిది, "ప్రభువు ముట్టాడు, తగ్గిపోయింది." దానికి 'ప్రబోధం' నొక్కింది. రెంటికీ తేడా చెప్పేది ఆమె కాదు, శాఖ ఇచ్చిన పట్టిక. ఉద్యోగానికి అది చాలు.

తటస్థసేవా చట్టం వచ్చి ఆరేళ్ళయింది. మతసంస్థలు నడిపే ఆశ్రయాలకు సర్కారు సాయం కావాలంటే అక్కడ పనిచేసేవాళ్ళంతా కంఠపట్టీ కట్టుకోవాలి. నోట భక్తి మాట వస్తే పట్టీ ఎర్రబడుతుంది, తటస్థసేవా శాఖలోని హైమావతిలాంటి పరిశీలకులు తీర్పు చెబుతారు. మూడు ప్రబోధాలైతే ఆ సంస్థకు సాయం ఆగిపోతుంది. ఎవరైనా జాలిపడి నేరుగా చందా ఇద్దామన్నా అదే చట్టం ప్రకారం నేరం.

రేపల్లె దగ్గరి కరుణానిలయానికి అప్పటికే రెండు పడ్డాయి. అక్కడ నలభై పడకలు, అన్నిటి మీదా ఉప్పుధూళి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ళే. సర్కారు ప్రాణవాయువు ఆగితే ఒక్క పూట గడవదు. ఆ రెండో ప్రబోధం హైమావతి వేసిందే. అందుకే ఆ ఉదయం తనిఖీకి వచ్చినప్పుడు నిలయం పెద్ద దీవెనమ్మ మొహం చూడలేకపోయింది.

పదకొండో పడక మీద మరియదాసు పోతున్నాడు. గొట్టంలో గాలి వస్తూనే ఉంది, లోపల పట్టుకునే శక్తే లేదు.

"ఒక్క ముక్క... ప్రార్థన చెయ్యమ్మా," అన్నాడు దీవెనమ్మ చెయ్యి పట్టుకుని.

ఆమె రెండో చేత్తో మెడ మీది పట్టీ తడుముకుంది. "మంచినీళ్ళు తాగుతావా తాతా?" అంది.

"నీళ్ళొద్దమ్మా. భయమేస్తంది."

దీవెనమ్మ మిగతా ముప్పై తొమ్మిది పడకల వైపు చూసి తల దించుకుంది. హైమావతికి ఒళ్ళు మండిపోయింది. ఆ కోపం చట్టం మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు.

"మీరు ఊరుకోండి దీవెనమ్మగారూ. నేను చేస్తాను."

"మీకొచ్చా మేడంగారూ?"

"రాదు. చిన్నప్పుడు బళ్ళో విన్నదే."

పరిశీలకులకూ పట్టీ ఉంటుంది. పేరుకే ఉంటుంది, ఆరేళ్ళలో ఎవరిదీ ఎర్రబడలేదు. హైమావతి ముసలాయన చెయ్యి అందుకుంది. "ప్రభువా, ఈయనకి భయం పోగొట్టు. ఒంటరిగా వెళ్తున్నాననుకోనివ్వకు," అంది. ఆమె పట్టీ ఎర్రబడింది. ఇంకేం అడగాలో తెలియక ఆగిపోయింది.

ప్రార్థన ఆగితే అక్కడివాళ్ళు ఊరుకోలేరు. మాటలు నేర్చిన నాటి అలవాటు. పడకలన్నిటి మీద నుంచీ, ఉన్న ఊపిరి కొద్దీ, "ఆమెన్" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది దీవెనమ్మ.

ఆమె మెడ దగ్గర పట్టీ కూడా ఎర్రబడింది. రెండు చేతులతో నోరు మూసుకుని కూలబడింది. "అయిపాయె మేడంగారూ! నా నోటితో నేనే చంపేసుకున్నా అందర్నీ!"

మరియదాసు అప్పటికే పోయాడు.

పలక తీర్పు అడిగింది. ఆమెన్‌ను వాడుక అనడానికి వీల్లేదు, పట్టికలో మొదటి మాటే అది. హైమావతికి చట్టం కంఠతా వచ్చు. ఆరో సెక్షన్ ప్రకారం, ఒకరు ప్రేరేపిస్తే ఇంకొకరు పలికిన భక్తి మాట దోషం ప్రేరేపించినవారి సంస్థదే, పలికినవాళ్ళు రోగులైనా సరే. పాస్టర్లనూ పూజారులనూ ముల్లాలనూ దృష్టిలో పెట్టుకుని రాసిన సెక్షన్ అది. ఆమె 'ప్రబోధం' నొక్కి, ప్రేరకుల పేరు దగ్గర తన పేరు చెప్పింది.

పట్టీలు విన్న ముప్పై తొమ్మిది పడకల ఆమెన్లు, దీవెనమ్మది, తన ప్రార్థన, అన్నీ పలక లెక్కగట్టింది. 'ప్రబోధాలు: నలభై ఒకటి. సాయం ఆపవలసిన సంస్థ: తటస్థసేవా శాఖ. ఆపమంటారా?'

శాఖ ఆగితే తన జీతం ఆగుతుంది, పలకలు ఆగుతాయి, రాష్ట్రంలోని పట్టీలన్నీ ఆగుతాయి. గాలి గొట్టాలు వేరే మండలివి. శాఖ ఆపమంటేనే అవి ఆగుతాయి, ఆపమనే శాఖే లేకపోతే నడుస్తూనే ఉంటాయి. పైవాళ్ళు వారం తిరక్కుండా సరిచేసుకుంటారు, తనను మాత్రం వదలరు. అయినా హైమావతి 'ఆపు' నొక్కింది.

ఆమె చేతిలో పలక నల్లబడింది. దీవెనమ్మ పట్టీలో ఎరుపు ఆరిపోయింది. దీవెనమ్మ లేచి, మరియదాసు కళ్ళు మూసి, హైమావతి వైపు తిరిగింది.

"ఇప్పుడు ఏడవొచ్చా మేడంగారూ?" అని గుసగుసగా అడిగింది.